ఐదో తరగతిలో ఎన్ని తరగతులు?

పల్లెల్లో ఐదో తరగతి చదువుతున్న పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 48.8 శాతం. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతం. ఇవి 2024 ‘అసర్’ లెక్కలు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో, ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి, లెక్కలు చేయించి చూసే సర్వే ఇది. ఆ ఏడాది 605 జిల్లాల్లోని 17,997 ఊళ్లలో ఆరున్నర లక్షల మంది పిల్లల దాకా చేరింది. ప్రభుత్వ బడి పిల్లలూ ప్రైవేటు బడి పిల్లలూ ఇద్దరూ ఇందులో ఉన్నారు.

శాతాలను పక్కన పెట్టి ఒక గదిలోకి వెళ్దాం. ముప్ఫై మంది ఉన్న ఐదో తరగతిలో ఇవే పాళ్లు ఉన్నాయనుకుంటే, రెండో తరగతి పాఠం చదవగలిగేవారు 15 మంది. మిగతా 15 మందికి ఆ పాఠమే కొరుకుడు పడదు. భాగహారం వచ్చినవారు 9 మంది, రానివారు 21 మంది. అందరి చేతుల్లో ఉన్నది మాత్రం ఐదో తరగతి పుస్తకమే.

చదవలేని ఆ 15 మందీ ఒకే చోట ఆగిపోలేదు. కొందరికి అక్షరాలు వచ్చు, పదాలు రావు. కొందరు పదాలు చదువుతారు, వాక్యం దగ్గర తడబడతారు. ఇంకొందరు నాలుగు వాక్యాలు చదివి, కాస్త పెద్ద కథ ఇస్తే చేతులెత్తేస్తారు. గది బయట ‘ఐదో తరగతి’ అని రాసి ఉన్నా, లోపల కనీసం నాలుగైదు మెట్ల మీద పిల్లలు నిలబడి ఉన్నారు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకుని అక్కడి నుంచి పైకి నడిపించడాన్నే ‘స్థాయికి తగిన బోధన’ అంటున్నారు. ఇది ఒక్క టీచరు వల్ల అయ్యే పనేనా? లెక్క వేసి చూద్దాం.

పిల్లలు ఇంత దూరం ఎలా వెనకబడ్డారు?

2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఇది మంచి నియమం. పదేళ్ల పిల్లను ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే ఆమె బడే మానేస్తుంది. అయితే వయసు తరగతిని నిర్ణయిస్తుందే గానీ, నేర్చుకున్నది ఎంతో చెప్పదు. రెండో తరగతిలో జ్వరంతోనో, వలసతోనో రెండు నెలలు బడికి రాని పిల్లవాడు మూడో తరగతికి వెళ్లిపోతాడు. వదిలేసిన పాఠం వెనకే ఉండిపోతుంది.

ఆ తర్వాత ఏటా దూరం పెరుగుతుంది. ఢిల్లీలో 619 మంది హైస్కూలు వయసు పిల్లల మీద జరిగి, 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం దీన్ని కొలిచి చూపింది. అందులోని ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఆ దూరం నాలుగున్నర తరగతులకు చేరింది. అంటే ఆ పిల్లలు ఏటా బడికి వస్తున్నారు, ఏటా కొత్త పుస్తకం అందుకుంటున్నారు, చదువు మాత్రం నాలుగైదో తరగతి దగ్గరే నిలిచిపోయింది.

తప్పు టీచరుదా? చట్టంలోని 24వ సెక్షన్ చూడండి. టీచరు నిర్ణీత కాలంలో మొత్తం సిలబస్ పూర్తి చేయాలని అందులో ఉంది. ప్రతి బిడ్డ నేర్చుకునే సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన అందించాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. రెండూ టీచరు బాధ్యతలే. సిలబస్ ఎంతవరకు వచ్చిందని పైఅధికారి ప్రతి నెలా అడుగుతారు. రెండోదాని గురించి అడిగేవారు తక్కువ. అడిగిన పనే ముందుకు సాగుతుంది.

తెలుగు చదవడంలో చిక్కు ఎక్కడ?

‘అచ్చులు, హల్లులు అన్నీ వచ్చు, అయినా చదవలేడు’ అని చాలామంది తల్లులు అంటుంటారు. అందులో వింతేమీ లేదు. మన లిపి లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. వర్ణమాలలో ఉన్నవి యాభై పైచిలుకు అక్షరాలు. కానీ ఒక్కో హల్లుకు గుణింతం ఉంది. ‘క’ నుంచి ‘కౌ’ వరకు తరచుగా వాడే రూపాలు 12. సుమారు 35 హల్లులకు 12 చొప్పున వేసుకుంటే 420 రూపాలు. వాటి తర్వాత ఒత్తులు. వర్ణమాల అప్పజెప్పిన పిల్లవాడు చదువు అనే దారిలో ఎనిమిదో వంతు మాత్రమే నడిచాడన్నమాట.

ఇప్పుడు ఒక పిల్లను దగ్గరగా గమనించండి. ‘చెట్టు మీద పిట్ట ఉంది’ అన్న వాక్యం ఇస్తే ‘చెటు మీద పిట ఉంది’ అని చదువుతుంది. ఆమెకు అక్షరాలు వచ్చు, గుణింతం వచ్చు. ఆగింది ఒత్తు దగ్గర. మళ్లీ ‘అ, ఆ’ల నుంచి మొదలుపెడితే ఆమె కాలం వృథా. ఐదో తరగతి పద్యం చదవమంటే అందదు. ఆమెకు కావలసినవి అక్క, చెట్టు, పువ్వు లాంటి ద్విత్వాక్షరాల పదాలు, అంటే హల్లు కింద అదే హల్లు ఒత్తుగా వచ్చేవి. అవి పట్టుబడ్డాక పుస్తకం, సూర్యుడు లాంటి సంయుక్తాక్షరాల పదాలు, అంటే హల్లు కింద వేరే హల్లు వచ్చేవి. ఆమె పక్కన కూర్చున్న పిల్లవాడు ‘కి’కీ ‘కీ’కీ తేడా తెలియక ఆగి ఉండవచ్చు. అతనికి కావలసిన అభ్యాసం వేరు.

ముప్ఫై మందికి ముప్ఫై పాఠాలు చెప్పాలా?

అక్కర్లేదు. అది కుదరదు కూడా. ప్రాథమిక తరగతులకు చట్టం పెట్టిన కనీస లెక్క ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. అంటే రోజుకు నాలుగు గంటలు, 240 నిమిషాలు. ముప్ఫై మందికి సమంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది 8 నిమిషాలు. అందులోనే తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ జరగాలి. కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలన్న ఆలోచనను మొదటే పక్కన పెట్టవచ్చు.

గుంపులుగా చేస్తే లెక్క మారుతుంది. ముప్ఫై మందిని మూడు స్థాయిల కింద కూర్చోబెట్టి, రోజులో ఒక గంట దీనికే కేటాయించారనుకోండి. ఒక్కో గుంపుకు టీచరు ఎదురుగా కూర్చునే సమయం 20 నిమిషాలు వస్తుంది. మిగతా 40 నిమిషాలు ఆ గుంపు కార్డులతో, పలకలతో, జతలుగా పని చేసుకుంటుంది. 8 నిమిషాలు కాస్తా 20 అయ్యాయి. పైగా ఆ ఇరవై నిమిషాల్లో చెప్పే ప్రతి మాటా ఆ పిల్లలకు అందే మాటే. మిగిలిన మూడు గంటలూ సిలబస్‌కు ఉండనే ఉన్నాయి.

ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో ఎలా తెలుస్తుంది?

రాత పరీక్ష దీనికి పనికిరాదు. పక్కవాడి కాగితం చూసి రాసినదీ, బట్టీపట్టి రాసినదీ మార్కుల్లో ఒకేలా కనిపిస్తాయి. ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నోటితో చదివించాలి. అసర్‌లో వాడే కాగితం ఇందుకు మంచి నమూనా. దాని మీద ఉండేవి నాలుగే: కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, తేలిక వాక్యాలతో ఒక చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఒకటి. లెక్కల్లోనూ నాలుగే: ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకుని చేసే తీసివేత, భాగహారం.

బిడ్డకు ఐదు నిమిషాలు పడుతుందనుకుంటే ముప్ఫై మందికి 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. రోజుకు అరగంట చొప్పున సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి పూర్తవుతుంది. ఏడాదిలో మూడుసార్లు చేసినా ఏడున్నర గంటలే. 800 గంటల్లో ఇది ఒక శాతం కూడా కాదు. వీటిలో మొదటిదాన్నే బడుల్లో బేస్‌లైన్ అంటారు, అంటే మొదలుపెట్టే ముందు తీసుకునే కొలత.

ఆ ఒక్క గంటలో జరిగేది ఏమిటి?

లెక్కల నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. 52 లోంచి 27 తీసేయమంటే ఒక పిల్లవాడు 35 అని రాశాడు. తప్పు అని ఇంటూ కొట్టేస్తే కథ అక్కడితో ముగుస్తుంది. ఎలా చేశావని అడిగితే తెలుస్తుంది. పదుల స్థానంలో 5 లోంచి 2 పోతే 3. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశాడు, 5 వచ్చింది. తీసివేత అతనికి వచ్చు. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి’ అన్న సొంత సూత్రం ఒకటి పెట్టుకున్నాడు, అంతే.

ఈ పిల్లవాడికి చీపురు పుల్లలు చాలు. పదేసి పుల్లలతో ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ‘ఇందులోంచి 27 పుల్లలు నాకివ్వు’ అనాలి. రెండు కట్టలు ఇస్తాడు. ఏడు విడి పుల్లలు ఇవ్వబోతే చేతిలో రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పక తప్పదు. విప్పితే విడి పుల్లలు 12 అవుతాయి. ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. కట్టలు రెండు మిగిలాయి. మొత్తం 25. ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే కట్ట విప్పడమేనని చేత్తో చేసి తెలుసుకున్నవాడికి ఆ తర్వాత కాగితం మీద అంకెలు అర్థమవుతాయి. పక్క గుంపులో 52కూ 25కూ తేడా తెలియని పిల్లలు ఉంటే, వాళ్లు అవే పుల్లలతో పదుల కట్టలు కట్టడం దగ్గరే ఉంటారు. మూడో గుంపు సంత సరుకుల మీద రాత లెక్కలు చేస్తుంటుంది. సామాను ఒకటే, పని వేరు.

ఇది నిజంగా పనిచేస్తుందా?

ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని ఏళ్ల తరబడి నడిపింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వారి సహచరులు దీన్ని పలు రాష్ట్రాల్లో పరీక్షించారు. ఈ ఇద్దరూ మైకేల్ క్రెమర్‌తో కలిసి 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. కొన్ని బడుల్లో పద్ధతిని అమలు చేసి, కొన్నింటిని మామూలుగా వదిలి, చివర్లో రెండింటినీ పోల్చి చూడటం వీరి విధానం.

ఉత్తరప్రదేశ్‌లో 2013-14లో శిబిరాలు నడిపారు. అన్నీ కలిపి 50 రోజులు, రోజుకు దాదాపు మూడు గంటలు. చివరికి మామూలు బడుల్లో పేరా గానీ కథ గానీ చదవగలిగినవారు దాదాపు నాలుగో వంతు ఉంటే, శిబిరాలు నడిచిన బడుల్లో దాదాపు సగం మంది ఉన్నారు. ముప్ఫై మంది గదిలో చెప్పాలంటే ఏడెనిమిది మంది పదిహేను మంది దాకా అయ్యారు. దానికి పట్టిన కాలం 150 గంటలు, ఏడాది మొత్తంలో ఐదో వంతు కన్నా తక్కువ.

అన్ని చోట్లా ఇలాగే జరగలేదు, ఆ సంగతీ తెలుసుకోవాలి. బీహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ ఇచ్చి, సామగ్రి ఇచ్చి వదిలేసిన చోట మామూలు బడి రోజుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అదే బీహార్‌లో ప్రభుత్వ టీచర్లే వేసవి శిబిరాల్లో చెబితే పిల్లలు ముందుకెళ్లారు. టీచర్ల సామర్థ్యంలో లోపం లేదని దీన్నిబట్టి తెలుస్తోంది. బడి తెరిచాక సిలబస్ ఒత్తిడి కొత్త పద్ధతిని పక్కకు నెట్టేసింది.

హర్యానాలో 2012-13లో ఈ పాఠం నుంచి నేర్చుకుని దిద్దుకున్నారు. ఈ పనికే రోజులో ఒక గంట విడిగా పెట్టారు. ఆ గంటలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తరగతిని వదిలి స్థాయిని బట్టి కూర్చున్నారు. పర్యవేక్షకులు ముందు తామే కొన్నాళ్లు పిల్లలకు చెప్పి చూసి, ఆ తర్వాత టీచర్లకు తోడుగా నిలిచారు. భాషలో పిల్లల చదువు మెరుగైంది. మొత్తం అనుభవంలో మనకు అక్కరకొచ్చే మాట ఇదే: పద్ధతి ఎంత మంచిదైనా, టైంటేబుల్‌లో దానికంటూ ఒక గంట లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

బాగా చదివే పిల్లలు నష్టపోరా? వెనకబడినవారికి మచ్చ పడదా?

రెండూ న్యాయమైన భయాలే. కెన్యాలో 121 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లల మీద దీన్నే పరీక్షించారు. కొన్ని బడుల్లో పిల్లల్ని స్థాయిని బట్టి రెండు సెక్షన్లు చేశారు, కొన్నింట్లో కలగలిపి ఉంచారు. స్థాయిని బట్టి విడదీసిన బడుల్లో ముందున్న పిల్లలూ బాగుపడ్డారు, వెనకున్న పిల్లలూ బాగుపడ్డారు. ఎదురుగా ఉన్నవారి స్థాయి దాదాపు ఒకటే అయినప్పుడు టీచరు చెప్పేది ఎక్కువ మందికి అందుతుంది.

ఇక మచ్చ సంగతి. ‘ఏ’ సెక్షన్, ‘సి’ సెక్షన్ అని ఏడాది పొడవునా విడదీస్తే పిల్లల మనసు గాయపడుతుంది, నిజం. ఇక్కడ చెబుతున్నది రోజులో ఒక గంట, ఒక సబ్జెక్టు. ఆ గంట తర్వాత అందరూ మళ్లీ ఒకే గదిలో కూర్చుంటారు. తెలుగులో కింది గుంపులో ఉన్న అమ్మాయి లెక్కల్లో పై గుంపులో ఉండవచ్చు. నాలుగైదు వారాలకోసారి మళ్లీ చదివించి చూసి, ఎదిగినవారిని పై గుంపుకు మార్చాలి. ఏడాది చివరికీ గుంపులు మారలేదంటే ఏదో సరిగా జరగడం లేదని అర్థం.

బడికి ఉన్నది ఒక్క టీచరే అయితే?

దేశంలో 2024-25లో ఇలాంటి బడులు 1,04,125 ఉన్నాయి. వాటిలో చదివే పిల్లలు దాదాపు 33.76 లక్షల మంది, అంటే బడికి సగటున 32 మంది. రాష్ట్రాల్లో ఇలాంటి బడులు అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, 12,900కు పైగా. ఆ టీచరు రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి పుస్తకాలు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి. మొత్తం 18 పుస్తకాలు. 240 నిమిషాలను 18తో భాగిస్తే పుస్తకానికి 13 నిమిషాలు. ఐదు తరగతుల్నీ మూడు స్థాయిలుగా చేసుకోవడం ఈ టీచరుకు అదనపు భారం కాదు, భారం దించుకునే దారి.

దీనికి నమూనా మన దగ్గరే పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల కోసం అక్కడి విద్యా వనరుల సంస్థ ‘రివర్’ ఒక పద్ధతి తయారుచేసింది. సిలబస్‌ను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, నిచ్చెన బొమ్మలా గోడ మీద పెడతారు. ప్రతి మెట్టుకు ఒక కార్డు ఉంటుంది. బిడ్డ తను ఉన్న మెట్టు చూసుకుని కార్డు తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరు తోడుతో, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా చేసేవి. నాలుగు రోజులు బడికి రాని పిల్ల తిరిగొచ్చాక వదిలిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. 1995లో కర్ణాటకలో మొదలైన ‘నలి కలి’కి, ఆ తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల నుంచి తమిళనాడు అంతటా పాకిన కార్యాచరణ బోధనకు ఈ పద్ధతే ఊపిరి. తెలంగాణలో 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు మొదలైన ‘తొలిమెట్టు’ కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలనే లక్ష్యంగా పెట్టుకుంది. చతుర్విధ ప్రక్రియలంటే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం.

పిల్లల్లో మిగతా తేడాల మాటేమిటి?

‘మా వాడు చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం కాదు’ అన్న మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. పిల్లల్ని అలా రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో తీరులో చెబితే బాగా నేర్చుకుంటారన్న దానికి తగిన ఆధారాలు లేవని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ వడగట్టి తేల్చారు. పుల్లల కట్టలు చూడటం, విప్పడం, నోటితో చెప్పడం, కాగితం మీద రాయడం అన్నీ ప్రతి బిడ్డకూ మేలు చేసేవే. విడదీయవలసింది బిడ్డకు ఏం వచ్చు, ఏం రాదు అన్నదాన్ని బట్టే.

పట్టించుకుని తీరవలసిన తేడాలు రెండున్నాయి. మొదటిది ఇంటి భాష. గోండి, కోయ, సవర మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు బడి తెలుగు కొత్త భాష. ఉమ్మడి రాష్ట్రంలో రెండు దశాబ్దాల కిందటే 8 గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు తయారయ్యాయి. ఇంటి మాటతో మొదలై తెలుగులోకి నడిచే బిడ్డను మందబుద్ధి అనుకోకూడదు.

రెండోది వైకల్యం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తిస్తుంది. అక్షరాలు పట్టుకోవడంలో మెదడుకు కలిగే ఇబ్బంది, అంటే డిస్‌లెక్సియా లాంటివీ అందులో ఉన్నాయి. బోర్డు మీద అక్షరం కనబడని బిడ్డ, వెనక బెంచీలో మాట వినబడని బిడ్డ మొద్దుగా పేరు పడిపోతారు. అభ్యాసం ఎంత చేయించినా ముందుకు కదలని బిడ్డకు మొదట కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించాలి. ముందు వరుసలో చోటు, పెద్ద అక్షరాల పుస్తకం, పరీక్షలో కాస్త ఎక్కువ సమయం పెద్దగా ఖర్చు లేని సాయాలు.

ఇంట్లో ఉన్నవారు ఏం చేయాలి?

ముందు పది నిమిషాలు కేటాయించండి. బిడ్డ మూడో తరగతి గానీ ఆపైన గానీ చదువుతుంటే, రెండో తరగతి తెలుగు పుస్తకంలో ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు చదివించండి. ఒక అప్పు తీసివేత చేయించండి. తిట్టొద్దు, సరిదిద్దొద్దు. ఎక్కడ ఆగిందో మాత్రం రాసుకోండి. ‘చదవలేకపోతోంది’ అని వదిలేయకుండా ‘ఒత్తు దగ్గర ఆగుతోంది’ అని చెప్పగలిగితే టీచరుకు సగం పని అయినట్టే.

తర్వాత ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్లండి. ప్రభుత్వ బడిలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది మహిళలు. ఆ సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. మా తరగతిలో ఎంతమంది ఏ స్థాయిలో ఉన్నారు? ఆ పిల్లల కోసం టైంటేబుల్‌లో ఏ గంట పెట్టారు? పోయిన నెల నుంచి ఎంతమంది పై మెట్టు ఎక్కారు? సిలబస్ ఎంతయిందని అడిగే అధికారులు ఎలాగూ ఉన్నారు. ఈ మూడు ప్రశ్నలు తల్లిదండ్రులు ప్రతి నెలా అడిగితే, పిల్లల స్థాయి చూసి చెప్పాలనుకునే టీచరుకు ఆ గంటను కాపాడుకునే బలం వస్తుంది.